ఒక మిల్లీగ్రాముతో మొదలు

నాకు ఆస్పిరిన్ పడదు. 1994లో తలనొప్పికి ఒక డిస్ప్రిన్ నీళ్ళలో కరిగించి తాగితే, అరగంటలో పెదాలు బూరెల్లా ఉబ్బి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. కొన్నేళ్ళకి మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే మళ్ళీ అదే తంతు. అప్పట్నుంచి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఈ మాట చెప్పాకే కూర్చునేవాణ్ణి.

పోయిన జనవరిలో బీచ్ రోడ్డు మీద నడుస్తూ కురుసుర సబ్‌మెరైన్ దాటేసరికి గుండెల మీద బరువు పెట్టినట్టయింది. ఎడమ దవడ లాగేసింది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. మర్నాడు కాళీమాత గుడి దగ్గర మళ్ళీ అలాగే. ఇంటి దగ్గరి క్లినిక్‌లో ఈసీజీ తీసి, నమిలి మింగమని తెల్ల బిళ్ళలు చేతిలో పెట్టారు. వాళ్ళు అడగలేదు. ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పే నేను ఆ ఒక్కరోజే కంగారులో చెప్పలేదు. "ఏమండీ, అది ఆస్పిరిన్ కాదు కదా?" అని మా ఆవిడ చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది.

పెద్దాస్పత్రిలో యాంజియోగ్రామ్ చేస్తే ముఖ్యమైన రక్తనాళంలో 90 శాతం బ్లాక్. స్టెంట్ వెయ్యాలి. వేశాక అందులో రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు వాడాలి: క్లోపిడోగ్రెల్, దానికి తోడు ఆస్పిరిన్. "మాస్టారూ, మీ ఒంటికి ఆస్పిరిన్ అలవాటు చేద్దాం" అన్నారు కార్డియాలజిస్టు. పాముతో కరిపించుకుని అలవాటు చేసుకోమన్నట్టు అనిపించింది నాకు.

దాన్ని డీసెన్సిటైజేషన్ అంటారట. నాలాంటి చాలామందిలో ఆస్పిరిన్ ఒక ఎంజైమును ఆపేస్తే, ఒంట్లో ల్యూకోట్రయీన్లనే పదార్థాలు పెరిగి వాపూ దద్దుర్లూ తెస్తాయి. కొంచెం కొంచెంగా ఇస్తూ పోతే ఒళ్ళు తట్టుకుంటుంది. ఇంతకుముందు మందు పడక చర్మం ఊడిపోయేంత జబ్బు చేసినవాళ్ళకి మాత్రం ఇది చెయ్యరు.

ఐసీయూలో పొద్దున్న 9 గంటలకి మొదలుపెట్టారు. ఒళ్ళు ఎదురు తిరిగితే వెంటనే వెయ్యడానికి పక్కనే ట్రేలో అడ్రినలిన్ ఇంజెక్షన్. బిళ్ళ కరిగించిన నీళ్ళని నర్సు సిరంజితో కొలిచి నోట్లో పోసింది: 1 మిల్లీగ్రాము. తర్వాత అరగంటకొకసారి 5, 10, 20. ఆ పైన రెండేసి గంటల ఎడంతో 40, 100. లెక్కల మాస్టారుని కాబట్టి టెన్షన్ పడకుండా ఆ వరస మీద పడ్డాను. ముందు అయిదు రెట్లు, మధ్యలో అన్నీ రెట్టింపులు, చివర్లో రెండున్నర రెట్లు. ఇదేం శ్రేఢో నాకు అంతుబట్టలేదు. 40 దాటాక అరచేతులు దురద పెట్టాయి. నర్సు బీపీ చూసింది, డాక్టరు వచ్చి ఊపిరితిత్తులు విన్నారు, మా ఆవిడ అద్దంలోంచి నా పెదాలే చూస్తోంది. దురద దానంతటదే తగ్గింది. మధ్యాహ్నం రెండున్నరకి 100. సాయంత్రందాకా కాపలా కాశారు. ఏమీ కాలేదు. మర్నాడు స్టెంట్ వేశారు.

అసలు తిప్పలు ఇంటికొచ్చాకే మొదలయ్యాయి. ఈ అలవాటు రోజూ బిళ్ళ వేసుకుంటున్నంత కాలమే. రెండు మూడు రోజులు మానేస్తే ఒళ్ళు పాత పగ తీస్తుంది. అప్పుడు సొంతంగా మొదలుపెట్టకూడదు, ఆస్పత్రిలో మళ్ళీ ఒకటో మిల్లీగ్రాము నుంచి రావాల్సిందే. పళ్ళ డాక్టరు ఆపమన్నా సరే, గుండె డాక్టరుకి ఫోన్ చెయ్యకుండా ఆపను.

ఆగస్టులో మేనకోడలి పెళ్ళికి బొబ్బిలి వెళ్తే మందుల సంచీ వైజాగ్‌లో మర్చిపోయాం. రాత్రి పదింటికి ఒక మెడికల్ షాపు తెరిచి ఉంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, నోరు దానంతటదే అనేసింది: "బాబూ, నాకు ఆస్పిరిన్ పడదు. ఎకోస్ప్రిన్ 75 ఒక స్ట్రిప్ ఇయ్యి."

కుర్రాడు నా మొహంలోకి చూశాడు. "ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే కదండీ!"

"తెలుసు నాన్నా, తొందరగా ఇయ్యి" అన్నాను.