షాలే అంటే మొదట పాలు కాచిన ఇల్లు

మా బంధువుల్లో ఎవరు స్విట్జర్లాండ్ ప్రయాణం పెట్టుకున్నా లోజాన్‌లో ఉంటున్న నాకు ఫోను చేసి అడిగేది ఒకటే: "మంచి షాలే ఒకటి చూసి పెట్టమ్మా." వాళ్ల మనసులో ఉన్నది పూలకుండీల బాల్కనీ ఉన్న చెక్క ఇల్లు, ఎదురుగా మంచుకొండ. సంతోషంగానే చూసి పెడతాను. అయితే ఆ మాట ఎవరిదో కూడా చెప్పకుండా ఫోను పెట్టబుద్ధి కాదు.

అది పశువుల కాపరుల మాట. పశ్చిమ స్విట్జర్లాండ్ పల్లెల్లో ఫ్రెంచికి దగ్గరి చుట్టమైన ఫ్రాంకో-ప్రొవాన్సాల్ మాండలికాలు మాట్లాడే రోజుల్లో, వేసవి మేతకు ఆవులను కొండ మీదికి తోలుకెళ్లినవాళ్లు తలదాచుకుని చీజ్ చేసుకునే కొట్టానికి ఆ పేరు. లాటిన్ కన్నా పాతదైన 'కాలా' దాని మూలం అంటారు. గాలీవానా తగలని చోటు అని అర్థం. 14వ శతాబ్దపు పత్రాల్లోనే ఈ మాట ఉంది. 1761లో రచయిత రూసో తన 'జూలీ' నవలలో వాడాక యూరప్ అంతా పాకింది. 19వ శతాబ్దంలో నగరాల ధనికులు విలాస గృహాలకు ఆ పేరు పెట్టుకున్నారు.

అసలు షాలే చూడాలంటే షాటో-డే ఊరి దగ్గర లెతివా అనే పల్లె పైనున్న కొండలెక్కాలి. కప్పుకు పెంకులుండవు. స్ప్రూస్ అనే కొండచెట్టు కలపను పలచగా చీల్చి, ఒకదానిమీద ఒకటి వచ్చేలా మేకులు కొడతారు. ఎండకూ మంచుకూ అవి వెండిరంగుకు తిరుగుతాయి. లోపల పొగచూరి నల్లబడ్డ దూలాలు, కట్టెల మంట, కొయ్య చేతికి వేలాడే పెద్ద రాగి కాగు. పాలు విరిగి గట్టిపడ్డాక మనిషి కాగులోకి వంగి, గుడ్డను అడుగునుంచి పోనిచ్చి ముద్దనంతా ఒక్కసారిగా పైకెత్తుతాడు. ఆ వంగడం చూశాక పూలకుండీల బాల్కనీ నాకు ఆనలేదు.

పక్కనున్న వలే ప్రాంతంలో గుండ్రటి రాతిపలకల మీద నిలబెట్టిన చెక్క కట్టడాలను కూడా యాత్రికులు షాలే అనేస్తారు. అవి ధాన్యపు కొట్లు, పేరు రకార్. ఎలుకలు ఎక్కకుండా ఆ పలకలు.

లెతివా చీజ్ మే 10 నుంచి అక్టోబరు 10 వరకే, అదీ కట్టెల మంట మీదే చేయాలని నియమం. అందుకే మా వాళ్లకు చెబుతున్నాను: టిక్కెట్లు ఆ నెలల్లోనే తీసుకోండి, ఒక ఉదయం నాకు వదిలేయండి, కొండెక్కిస్తాను.