వాడలో దాగని మంత్రం

వరంగల్ నేపథ్యంగా నేనే రాసి, నేనే గీస్తున్న కామిక్ మొదటి సంచిక అచ్చుకు సిద్ధమైంది. కథానాయిక డిగ్రీ పూర్తి చేసి, హన్మకొండలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతి. ఆమె అరచేయి నేలకు ఆనిస్తే, ఆ నేల మీద ఒకప్పుడు నీళ్లు పారిన దారి ఆమెకు తెలుస్తుంది. చేయి తీయకుండా ఓర్చుకోగలిగితే ఆ నీళ్లు కొంతసేపు ఆమె మాట వింటాయి. ఇంతకు మించిన శక్తి ఆమెకు లేదు. ఈ కాస్త శక్తికి కూడా తర్వాత రోజుల తరబడి జ్వరంతో మూల్యం చెల్లిస్తుంది.

ఆమెను రుద్రమదేవి పునర్జన్మగా చూపించమని నాకు సలహా ఇచ్చిన మిత్రులు చాలామంది ఉన్నారు. 1262 నుంచి 1289 వరకు ఓరుగల్లును ఏలిన ఆ రాణి మీద నాకున్న గౌరవం తక్కువేమీ కాదు. అయినా మంత్రశక్తి రాజరక్తం నుంచి వచ్చిందంటే ఇప్పటి వరంగల్, కోట తోరణాల ముందు నిలబడి ఫొటో దిగే చోటుగా మాత్రమే మిగిలిపోతుంది. నా కథానాయిక తాత ఆజంజాహి మిల్లులో కార్మికుడు. ఆమెకు శక్తినిచ్చింది ఈ ఊరి చెరువులు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువ పట్టుకొని కింది చెరువుకు చేరతాయి. ఊరు పెరిగినకొద్దీ ఆ దారుల మీద ఇండ్లు లేచాయి. 2023 జూలై వానలకు నయీంనగర్, హంటర్ రోడ్డు ప్రాంతాలు నీట మునిగిన తీరు చూసినవారికి, ఆ దారులు తెలిసిన ఒక పిల్ల ఉంటే బాగుండుననే కోరిక ఎక్కడి నుంచి పుట్టిందో వివరించవలసిన అవసరం లేదు.

అయితే నన్ను ఎక్కువ కాలం ఆపినది ఆమె శక్తి గురించిన ఆలోచన కాదు, ఆమె చుట్టూ ఉన్న వాడ గురించిన ఆలోచన. నగరంలో జరిగే మాంత్రిక కథలకు ఒక అలవాటు ఉంది. మంత్రం తెలిసినవారు జనం మధ్యనే ఉంటారు, జనానికి మాత్రం ఏమీ తెలియదు; ఆ రహస్యం కాపాడుకోవడమే సగం కథ. గోడకు గోడ ఆనుకొని ఇండ్లున్న మన వాడల్లో ఇది నమ్మదగిన విషయం కాదు. ఏ ఇంట్లో ఏ కూర వండుతున్నారో పక్కింటి అత్తమ్మకు తెలిసే చోట, ఒక పిల్ల అర్ధరాత్రి వాకిట్లో కూర్చొని నేల మీద చేయి పెట్టి కళ్లు మూసుకుంటే ఎవరూ చూడకుండా ఉంటారా? చూస్తారు. చూసి ఊరుకోరు కూడా.

ఉత్తర తెలంగాణలో ఆడపిల్ల చేతిలో మంత్రం పెట్టి కథ రాసేవారు చేతబడి, బాణామతి అనుమానాలను పక్కకు తప్పించి పోలేరని నేను గట్టిగా నమ్ముతున్నాను. అంతుపట్టని జ్వరం వచ్చినా, వరుసగా పశువులు చనిపోయినా, పసిబిడ్డ దక్కకపోయినా, ఆ నేరాన్ని ఊళ్లో ఎవరో ఒకరి మీద మోపి వారిని కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, చంపిన సంఘటనలు ఈ ప్రాంతపు జిల్లాలలో జరిగాయి. మగవారినీ వదలలేదు, కానీ అండలేని ఒంటరి ఆడవారి మీద అనుమానం ఇంకా సులభంగా వాలుతుంది. జాతీయ నేర నమోదు సంస్థ తన వార్షిక నివేదికల్లో హత్యలకు కారణాలను చెప్పేటప్పుడు మంత్రగత్తెలనే అనుమానాన్ని విడిగా లెక్కిస్తుంది. ఇది పాతకాలపు ముచ్చట కాదనడానికి ఆ వరుస ఒక్కటే చాలు. ఇంత జరిగిన నేల మీద మంత్రాన్ని కేవలం మిరుమిట్లుగా గీసి, రంగులద్ది, పాఠకుడి చేతిలో పెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు.

అందుకే మొదటి సంచికలో పెద్ద సంఘటన వరద కాదు, వరదకు ముందు ఆమె చేసిన హెచ్చరిక. నీళ్లు ఏ వీధిలోకి వస్తాయో ఆమె సాయంత్రమే గడప గడపకూ తిరిగి చెబుతుంది. కొందరు నమ్మి పిల్లలను తీసుకొని మేడల మీదికి ఎక్కుతారు, చాలామంది నవ్వుతారు. తెల్లవారేసరికి ఆమె చెప్పినట్టే జరుగుతుంది. అప్పుడు వాడలో మొదట వినిపించే మాట కృతజ్ఞత కాదు. "గా పొల్లకు ముందుగాల్నే ఎట్ల ఎరుకైంది?" అని ఒక ముసలవ్వ అడుగుతుంది. ఆ అవ్వ చెడ్డ మనిషి కాదు. ఆమె ఇల్లు కూలింది, ఎందుకు కూలిందో ఆమెకు ఒక జవాబు కావాలి. ఆ ముఖాన్ని గీయడానికి పట్టినంత కాలం నాకు మిగతా ఏ పేజీకీ పట్టలేదు. క్రూరంగా గీస్తే పాఠకుడు ఆమెను తోసిపుచ్చి ఊపిరి పీల్చుకుంటాడు, నాకు కావలసింది అది కాదు.

బొమ్మల తీరు గురించి కొంత చెప్పాలి. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని, ఇప్పుడు సిద్దిపేట జిల్లాకు చేరిన చేర్యాలలో నకాశీ చిత్రకారులు గీసే పటాలను నేను నా కామిక్‌కు సొంత పూర్వీకులుగా భావిస్తాను. గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూసి గట్టిపరచిన ఖద్దరు గుడ్డ మీద, ఎర్రని నేపథ్యంలో, గళ్లు గళ్లుగా, పై నుంచి కిందికి కథ నడుస్తుంది. కూనపులివారు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవారు. వరుస బొమ్మలతో కథ చెప్పడం మనం బయటి నుంచి అరువు తెచ్చుకున్న విద్య అనుకునేవారు ఆ పటాలను ఒకసారి విప్పి చూడాలని నా మనవి. నేను ఆ గీతను అనుకరించలేదు. అది తరతరాలుగా ఆ కుటుంబాల చేతుల్లో ఉన్న పని. అయితే నీళ్లు పారే పేజీలలో అడ్డగళ్లు తీసేసి, పటంలాగే పై నుంచి కిందికి చదివించాను. పక్కపక్కన పేర్చిన గళ్లలో ఆ నీళ్ల ఉరవడి నాకు చిక్కలేదు.

ప్రచురణకర్త లేకుండా సొంతంగా అచ్చు వేసుకునేటప్పుడు కథను డబ్బు కూడా కొంత దిద్దుతుంది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. నా కథ 32 పేజీలకు సర్దుకుంది. పూర్తి రంగుల అచ్చు భారం కనుక నలుపు, ఎరుపు రెండే రంగులు ఎంచుకున్నాను. ఎరుపును ఆమె శక్తి పనిచేసే చోట మాత్రమే వాడాలని మొదట అనుకున్నాను. ఇప్పుడు అవ్వ ఆ ప్రశ్న అడిగే గడిలోనూ అదే ఎరుపు ఉంది, ఎందుకంటే ఆ అనుమానానికి కూడా మనుషులను ముంచే శక్తి ఉందని నాకు అనిపించింది.

రెండో సంచికలో కులపెద్దలు పంచాయితీ పెట్టి ఆమెను నిలదీస్తారు. ఆ కూర్చున్న చోటి కింద కూడా ఒక పాత కాలువ ఉంది, ఆమె తలచుకుంటే అందరి కాళ్ల కిందికి నీళ్లు తేగలదు. ఆమె ఆ పని చేయదు. తన చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని, తను ఏ ఇంటికి ఏ వేళకు వెళ్లి ఏమి చెప్పిందో వరుసగా వివరిస్తుంది. ఆమెను నమ్మి మేడ ఎక్కిన కుటుంబాలలో ఎవరు ముందుగా లేచి ఆమె పక్షాన మాట్లాడాలో నేను ఇంకా నిర్ణయించుకుంటున్నాను.