నూనె చుక్కను నిలబెట్టిన బియ్యపు రేణువులు: నా ప్రాజెక్టు అనుభవం

అనంతపురంలో ఆహార సాంకేతిక విద్యలో ఎం.టెక్. చదువుతున్నప్పుడు, గుడ్డు సొన గానీ మామూలు ఎమల్సిఫయర్ (నూనెను, నీళ్లను విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం) గానీ వాడకుండా వేరుశనగ నూనెను నీళ్లలో చుక్కలుగా నిలిపి ఉంచడం నా ప్రాజెక్టు పని. నూనె చుక్క చుట్టూ తినదగిన ఘన రేణువులు కవచంలా అతుక్కుని, ఒక చుక్క మరొకదానిలో కలిసిపోకుండా అడ్డుకునే ఇలాంటి మిశ్రమాలను పికరింగ్ ఎమల్షన్లు అంటారు. పికరింగ్ అనే శాస్త్రవేత్త 1907లో రాసిన దానివల్ల ఆ పేరు స్థిరపడింది గానీ, రామ్‌స్డెన్ అనే మరో శాస్త్రవేత్త 1903లోనే ఈ సంగతి చెప్పాడు కాబట్టి పేరులో ఆయనకు అన్యాయం జరిగిందనే నేను భావిస్తాను.

కవచానికి బియ్యపు స్టార్చ్‌ను, అంటే బియ్యంలోని పిండి పదార్థాన్ని, ఎంచుకోవడానికి కారణం రేణువు పరిమాణం. బంగాళాదుంప స్టార్చ్ రేణువు 100 మైక్రోమీటర్ల దాకా పెరుగుతుంది. బియ్యానిది 3 నుంచి 8 మైక్రోమీటర్ల మధ్యే ఉంటుంది కనుక చుక్కను దగ్గరగా కప్పగలదు. అయితే మామూలు స్టార్చ్‌తో చేసిన మొదటి ప్రయత్నంలో పిండి అడుగుకు దిగిపోయింది, నూనె పైకి తేలింది. రేణువును నీరు పూర్తిగా తడిపేస్తే అది నూనె అంచున నిలవదు. నూనె కూడా దాన్ని కొంత తడపాలి. అలా తడిసిన రేణువును చుక్క నుంచి ఊడదీయడానికి, అణువుల ఉష్ణచలన శక్తికి కొన్ని కోట్ల రెట్లు శక్తి కావాలి.

అందుకని నూనె కూడా తడపగలిగేలా స్టార్చ్‌ను ఆక్టెనైల్ సక్సినిక్ ఆన్‌హైడ్రైడ్ అనే రసాయనంతో మార్చాను. ఇలా మార్చిన స్టార్చ్‌కు ఆహార సంకలనాల అంతర్జాతీయ పట్టికలో ఐ.ఎన్.ఎస్. 1450 అనే సంఖ్య ఉంది; అమెరికా నిబంధన ప్రకారం ఈ ఆన్‌హైడ్రైడ్‌ను స్టార్చ్ బరువులో 3 శాతం మించి వాడరాదు. చర్య జరిగేకొద్దీ ఆమ్లం పుడుతుంది కాబట్టి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ పీహెచ్‌ను (ఆమ్ల, క్షార స్థాయిని) 8 – 8.5 మధ్య నిలపాలి. మొదటిసారి ఓపిక లేక ఆన్‌హైడ్రైడ్ అంతా ఒకేసారి పోశాను. పీహెచ్ పడిపోయి ఆ పూట పిండి దండగైంది. రెండోసారి రెండు గంటలపాటు బొట్టుబొట్టుగా వేశాను.

ఆ పిండితో చేసిన ఎమల్షన్ అద్భుతంగా నిలబడింది. సంతోషంతో మా మేడమ్‌కు చూపిస్తే, ఆమె సీసా వైపు చూడకుండానే, "పిండిని ఎన్నిసార్లు కడిగినావమ్మా?" అని అడిగారు. ఒక్కసారేనని చెప్పాను. కొంచెం పిండిని నీళ్లలో కలిపి, తేరిన నీటిని గాజు గొట్టంలో పోసి ఊపమన్నారు. సబ్బు నీళ్లలా నురుగు వచ్చింది. చర్యలో మిగిలిపోయిన పదార్థం నీటిలో కరిగి సబ్బు పని చేస్తోందని, నా చుక్కలను నిలిపింది రేణువులేనని చెప్పే వీలు లేదని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి మూడుసార్లు నీటితో, ఒకసారి ఆల్కహాల్‌తో కడిగి, 40 డిగ్రీల్లోనే ఆరబెట్టాను. గానుగ నూనెలోనూ ఎమల్సిఫయర్‌లా పనిచేసే ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు పదార్థాలు సహజంగా ఉంటాయి కాబట్టి, మనసుకు ఇష్టం లేకపోయినా పరీక్షలకు శుద్ధి చేసిన నూనెకే మారాను.

కడిగిన పిండితో చేసిన ఎమల్షన్‌ను గాజు పలకపై వేసి, ఒక బొట్టు అయోడిన్ కలిపి మైక్రోస్కోపులో చూసిన క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రంగులేని గుండ్రని నూనె చుక్క చుట్టూ, ఉండకు అద్దిన నల్ల నువ్వుల్లా, నీలి నలుపు రేణువులు సందు లేకుండా అంటుకుని ఉన్నాయి.

మర్నాడు సీసాలో పైన తెల్లని పొర, కింద తేట నీరు కనిపించి గుండె జారింది. మెల్లగా తిరగేస్తే మళ్లీ కలిసిపోయింది. చుక్కలు పైకి తేలాయే తప్ప ఒకదానిలో ఒకటి కలవలేదు. ఈ రెంటికీ తేడా తెలియక మంచి నమూనాలు పారబోసేవారు చాలామంది ఉంటారు. స్టార్చ్ పెంచినప్పుడు చుక్కలు చిన్నవయ్యాయి, ఎందుకంటే రేణువులు చాలనప్పుడు చుక్కలు కవచం నిండేవరకు కలిసి పెద్దవవుతాయి. స్టార్చ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు, నూనెది 0.91 కాబట్టి బాగా పిండి పట్టిన చుక్కలు తేలడం కూడా తగ్గింది. ఆ మోతాదుతో చేసిన సీసాను మే నెలంతా ప్రయోగశాల కిటికీ పక్కన ఉంచి రోజూ చూశాను. విడిపోయిన నూనె పైన ఒక్క పొరగా కూడా కనబడలేదు.