జ్ఞానస్నానం సర్టిఫికెట్ కోసం నాన్న నాలుగుసార్లు తిరిగారు

మా పాపకు లొరెటో గ్రామర్ స్కూల్లో సీటు వచ్చింది. మార్చి 1న పొద్దున్నే మెయిల్ చూశాను. ఆ సంతోషం, దాని వెనకాల పడ్డ బాధ రెండూ ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మేముండేది మాంచెస్టర్ పక్కన ఆల్ట్రింగమ్‌లో. పదకొండేళ్ళ పిల్లలకు పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ గ్రామర్ స్కూళ్ళు ఇంగ్లండ్ మొత్తంలో 163 ఉన్నాయి. ఫీజు ఉండదు. లొరెటో ఆడపిల్లల బడి. కాథలిక్ సిస్టర్లు 1909లో పెట్టారు. పరీక్ష పాసైనవాళ్ళలో కాథలిక్ పిల్లలకు ముందు సీట్లిస్తారు.

పరీక్షకు పేరివ్వడం చిన్న పని. మా ఊరి స్థానిక ప్రభుత్వానికి, అంటే కౌన్సిల్‌కి, ఫారం అక్టోబరు 31లోపు పంపాలి, అదీ సులువే. ట్యూషన్ పెట్టలేదు. ఏడాదిన్నరపాటు డ్యూటీ నుంచి వచ్చి నేనే కూర్చోబెట్టి చదివించాను. ఆ మాట గర్వంగానే చెప్తాను.

నన్ను ఏడిపించింది పాప కాథలిక్ అని చూపించే జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్. పాపకు మూడో నెలలో గుంటూరు జిల్లాలోని మా ఊరి గుడిలో జ్ఞానస్నానం ఇప్పించాం. ఆ కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది. ఇంకోటి తీసుకోమని నాన్నకు ఫోన్ చేశాను. ఆయన రిటైరైన టీచరు. నలభై ఏళ్ళు ఆ గుడిలోనే క్రిస్మస్‌కు, ఈస్టరుకు పాటలు నడిపించిన మనిషి.

మొదటిసారి వెళ్తే, బీరువా తాళం లేదు రేపు రమ్మన్నాడు గుమాస్తా. రెండోసారి మూడేళ్ళ చందా బాకీ ఉందన్నాడు. నాన్న అక్కడికక్కడే కట్టేశారు. మూడోసారి ఆదివారం పూజ అయ్యాక వెళ్ళారు. రిజిస్టరులో 'మరియ గ్రేస్' అని ఉంది, పాస్‌పోర్టులో ఉత్త 'గ్రేస్', దానికి ముందు ఇంటిపేరు. "పేరు కలవట్లేదు. ఈ పిల్ల మీ మనవరాలే అని గ్యారంటీ ఏంటి? ఇంగ్లండు సీటు కావాల్సొచ్చాక గుడి గుర్తొచ్చిందా మాస్టారూ?" అన్నాడట, అందరి ముందూ. నాన్న నాతో చెప్పలేదు. వారం తర్వాత అమ్మ చెప్పింది. ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళి, ఆస్పత్రి కారు పార్కింగులోనే కూర్చుని ఏడ్చాను.

అంత అవమానం పడి ఆ బడే ఎందుకు, దగ్గర్లో వేరే బడుల్లేవా అంది మా చెల్లి. ఈ బడి పెట్టిన లొరెటో సిస్టర్ల సంఘానికి మూలం మేరీ వార్డ్. 1585లో యార్క్‌షైర్‌లో పుట్టింది. ఆడపిల్లలకు చదువు చెప్పాలని 1609లో సంఘం మొదలుపెట్టింది. మఠం గోడల మధ్య ఉండకుండా ఊళ్ళు తిరిగి బడులు పెడుతున్నారని 1631లో పోప్ ఎనిమిదో అర్బన్ దాన్ని రద్దు చేశారు. ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. మా స్థాపకురాలు ఈమేనని ఆ సిస్టర్లు చెప్పుకోవడానికి రోమ్ ఒప్పుకున్నది 1909లో. ఆల్ట్రింగమ్ బడి పెట్టిందీ ఆ ఏడే! మదర్ తెరెసా మన దేశానికి వచ్చింది కూడా లొరెటో సిస్టర్‌గానే, కలకత్తా ఎంటాలీ బడిలో పాఠాలు చెప్పారు. 1904లో హాలెండ్ నుంచి గుంటూరుకు జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్లు రాకపోతే మా అమ్మమ్మకు అక్షరం ముక్క వచ్చేది కాదు. ఆడపిల్ల చదువు కోసం చర్చిలోనే ఇన్ని మాటలు పడ్డ ఆడవాళ్ళ బడి అది. ఒక గుమాస్తా మాటకు ఎలా వదులుకుంటాను?

చివరికి విచారణ గురువుల, అంటే ఆ గుడి ఫాదర్ గారి, నంబరు సంపాదించి నేనే ఫోన్ చేశాను. నాన్నను రమ్మని, ఫాదర్ గారే రిజిస్టరు తెరిచారు. తేదీ, మా పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు సరిచూశారు. రెండు పేర్లూ ఒకే పిల్లవని ఉత్తరం రాసి ముద్ర వేశారు. పది నిమిషాలు పట్టిందట! కొరియరు గడువుకు రెండు రోజుల ముందు చేరింది.

మీకూ ఈ అవసరం ఉంటే ఏడాది ముందే తెప్పించుకోండి. ఆఫీసులో ఎవర్నీ బతిమాలకండి, నేరుగా ఫాదర్ గారితో మాట్లాడండి. పాస్‌పోర్టులో, రిజిస్టరులో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

సీటు వచ్చిందని చెప్పగానే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ సర్టిఫికెట్ ఒరిజినల్ జాగ్రత్తగా పెట్టావా అమ్మా?" అని అడిగారు.