పూడిక మట్టి, పాత మందులు

మా సిరోంచ వైపు ఎండాకాలంలో చెరువులు ఎండితే ట్రాక్టర్లకు పని దొరికినట్టే. మహారాష్ట్ర ప్రభుత్వం ‘గాళ్‌ముక్త్ ధరణ్, గాళ్‌యుక్త్ శివార్’ (పూడిక లేని ఆనకట్ట, పూడిక చేరిన పొలం) పేరుతో ప్రోత్సహించేది కూడా ఈ పూడిక తోలకాన్నే. పత్తి చేనుకు మట్టి తోలిస్తూ మామయ్య అడిగారు: “కెమిస్ట్రీ చెబుతావు కదమ్మా, ఇందులో పాత మందులేమైనా ఉంటాయా? చెరువు నీళ్లయితే ఎప్పుడూ తేటగానే ఉండేవి.”

నీళ్లు తేటగా ఉండటం సాక్ష్యం కాదు. డీడీటీ, ఎండోసల్ఫాన్ లాంటి పాత పురుగుమందులకు నీళ్లంటే పడదు. పులుసులో కారం ఎరుపు పైన తేలే నూనెలోకి చేరినట్టు, ఇవి మట్టిలోని కుళ్లిన ఆకు, వేరు, పేడ తాలూకు సేంద్రియ పదార్థంలోకి చేరిపోతాయి. నల్లగా, మెత్తగా ఉందని రైతు మెచ్చే గట్టు దగ్గరి ఒండ్రులోనే అది ఎక్కువ. పత్తి కట్టె కాల్చిన మసి కలిస్తే పట్టు మరీ గట్టిది.

చిన్న లెక్క వేసి చూపించాను. సేంద్రియ కర్బనం మీద ఎండోసల్ఫాన్ మొగ్గును, అంటే లీటరు నీళ్లలో ఉన్నదానికి ఎన్ని రెట్లు కిలో కర్బనంలో చేరుతుందో ఆ అంకెను, 10,000 అనుకుందాం. మట్టిలో కర్బనం 2 శాతమైతే, రెండూ గుణిస్తే 200. అంటే కిలో మట్టి పట్టుకున్న మందు, దాన్ని తాకి ఉన్న 200 లీటర్ల నీళ్లలోని మందుతో సమానం. కర్బనం 0.02 శాతమే ఉన్న ఇసుకలోనైతే 2 లీటర్లతో సరి. మొక్కజొన్నలో కొట్టే కలుపుమందు అట్రజిన్ మొగ్గు సుమారు 100 మాత్రమే. ఇసుక దాన్ని దాదాపు ఆపదు. బోరు నీళ్ల విషయంలో నా భయం దాని గురించే, డీడీటీ గురించి కాదు.

అన్నిటికీ ఈ లెక్క పనికిరాదు. పారాక్వాట్ అనే కలుపుమందుది ధనావేశం, మన నల్లరేగడి బంకమట్టిది రుణావేశం. అది మట్టి పొరల మధ్య దూరి కూర్చుంటుంది, కర్బనంతో పనే లేదు.

భూమి లోపల ఈ పట్టు ఎలా పనిచేస్తుందో 1982లో కెనడాలోని బోర్డెన్ ఇసుక పొరలో పరీక్షించారు. అక్కడి కర్బనం కూడా 0.02 శాతమే. నీటితోపాటు పంపిన, ఇసుకకు అంటుకోని క్లోరైడ్ ముందుకు సాగిపోయింది, డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రావణి వెనకబడింది. అంత పేద ఇసుక కూడా కొంత పట్టుకుందన్నమాట. రేణువుల లోపలికి ఇంకినది బయటకు రావడం మరీ నిదానం. అందుకే కలుషితమైన భూగర్భజలాన్ని ఏళ్ల తరబడి తోడి, శుభ్రపడిందని మోటారు ఆపితే మళ్లీ మందు కనిపిస్తుంటుంది.

మామయ్య వెంటనే సాయిల్ హెల్త్ కార్డు తెచ్చారు. అందులో సేంద్రియ కర్బనం ఉంటుంది, పురుగుమందుల ఊసు ఉండదు. ఆ మట్టి ఎంత పట్టుకోగలదో తెలుస్తుంది గానీ ఏం పట్టుకుందో తెలియదు. గట్టు దగ్గరి ఒండ్రును గాజు సీసాలో తీసి, మందుల అవశేషాలు చూసే ల్యాబుకు పంపమన్నాను. ప్లాస్టిక్ డబ్బా వద్దని మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఈ మందులు ప్లాస్టిక్‌కూ అంటుకుంటాయి.