బొటనవేలి లెక్క

"రక్తం కారుతుంటే ఎవరికి భయపడి దాచావు?"

పోయిన అక్టోబరులో, సింగపూరు షిప్‌యార్డులో మా సేఫ్టీ ఆఫీసరు పదిమంది ముందు నన్ను నిలదీసిన మాట ఇది. గ్రైండరు జారి ఎడమచేతి ఉంగరపు వేలు తెగింది. గుడ్డపీలిక చుట్టి, పైన గ్లౌజు తొడిగి మళ్ళీ పనిలో పడ్డాను. గ్లౌజు కొస ఎర్రబడడం ఆయన కంటపడింది. నాలుగు కుట్లు, ఐదు రోజుల మెడికల్ లీవు. జీతం కోయలేదు సరికదా, ఓవర్‌టైము కూడా కలిపిన సగటు మీద లెక్కగట్టి ఇచ్చారు. అక్కడి చట్టంలో అలాగే ఉంది.

ఎందుకు దాచానో ఆయనకు చెప్పలేకపోయాను. నేను చీమకుర్తివాణ్ణి. మా గ్రానైట్ క్వారీల్లో దెబ్బ తగిలినవాడు గాయం కంటే ముందు మేస్త్రీ ముఖం చూస్తాడు, రేపటి నుంచి రావద్దంటాడేమోనని. సముద్రం దాటినా ఆ చూపు నన్ను వదలలేదు.

2009 శ్రావణంలో మా మామ కుడి బొటనవేలు క్రేను గొలుసులో నలిగి మొదలంటా పోయింది. యజమాని చెడ్డవాడేమీ కాదు. తన కారులోనే ఒంగోలు తీసుకువెళ్ళాడు, ఆసుపత్రి ఖర్చు భరించాడు, ఇంటికి వచ్చి మా అత్త చేతిలో 20,000 పెట్టాడు. సింగపూరులో నా గదికి ఏ మేనేజరూ రాలేదు. అది ఒప్పుకోవాలి. కానీ ఆ మర్యాదకే మా ఇంట్లో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. అంత పెద్దమనిషి మీద అర్జీ పెడతామా?

అర్జీ పెట్టి ఉంటే ఏమి వచ్చేదో ఈ సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు లెక్క వేశాను. పనిలో దెబ్బ తగిలినవాళ్ళ పరిహారానికి అప్పటికి ఉన్నది 1923 నాటి చట్టం. మామ జీతం నెలకు 8,000. ఎవరి జీతం ఎంతైనా 4,000 మించి ఆ చట్టం అప్పట్లో లెక్కలోకి తీసుకునేది కాదు. అందులో 60 శాతం, దాన్ని నలభై ఏళ్ళ వయసుకు చట్టం పట్టికలో ఉన్న 184.17తో గుణించాలి, అందులో బొటనవేలికి 30 శాతం. మొత్తం సుమారు 1,32,600 రూపాయలు. 2010 మే 31న ఆ పరిమితిని 8,000 చేశారు. మరుసటి శ్రావణంలో అదే గొలుసులో అదే వేలు పడి ఉంటే, వయసు నలభై అనే అనుకున్నా, 2,65,200. వేలు మారలేదు, గొలుసు మారలేదు. ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం ఆలస్యమైంది.

దీని దగ్గరే నా మనసు ఆగిపోతోంది. 8,000 పరిమితి తర్వాత దాదాపు పదేళ్ళు కదల్లేదు. 2020 జనవరిలో 15,000 అయింది. అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్‌ను ఆమోదించింది, అమలులోకి వచ్చింది 2025 నవంబరు 21న. అయిదేళ్ళు! ఆ నవంబరు 1నే సింగపూరు తన మొత్తాలను పెంచింది. శాశ్వత వైకల్యానికి గరిష్ఠ పరిహారం 2,89,000 డాలర్ల నుంచి 3,46,000కు చేరింది. అంతకుముందు పెంచింది కూడా 2020లోనే. ధరలు పెరిగేకొద్దీ అవయవం విలువ కూడా సవరించాలన్న ఇంగితం వాళ్ళకుంది. అలాగని అక్కడంతా బాగుందనను. వర్క్ పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేస్తారని నడుము నొప్పి బయటికి చెప్పనివాళ్ళు మా గదిలోనే ఇద్దరున్నారు.

క్యాలెండరు కాగితం వెనక వేసిన లెక్కను అరుగు మీద కూర్చున్న మామకు ఇచ్చాను. టీ గ్లాసును చూపుడు, మధ్య వేళ్ళ నడుమ ఇరికించి పట్టుకుంటాడు. గ్లాసు కింద పెట్టి కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడు అర్జీ పెడితే తీసుకుంటారా అల్లుడూ?"

"రెండేళ్ళ లోపు పెట్టాలి మామా."

కాసేపు మాట్లాడలేదు. కాగితాన్ని తొడ మీద పెట్టి అరచేత్తో మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మీ అత్తకు చూపిస్తాను. ఆ ఇరవై వేలు పట్టుకోవద్దని ఆ రోజు పోరింది తనొక్కతే."