గాలాలు పట్టుకుని స్ప్రూస్ అడవి వెతుక్కుంటూ

ఫిన్లాండ్ నేలలో నాలుగింట మూడు వంతులు అడవే అంటారు. లెక్క ప్రకారం నిజమే. కానీ ఔలు నుంచి కుసామో పోయే 20వ నంబరు రోడ్డు మీద గంటసేపు కారు నడిపితే ఆ లెక్క మీద చిరాకు పుడుతుంది. అటూ ఇటూ ఒకే ఎత్తు చెట్లు. కాసేపటికి మొత్తం నరికేసిన బయలు, రోడ్డు పక్కన దుంగల గుట్టలు, ఆ తర్వాత మళ్లీ ఒకే ఎత్తు చెట్లు. మధ్య మధ్యలో తిన్నగా తవ్విన కాలువలు.

రంపచోడవరం నుంచి వచ్చిన మా తోడల్లుడు చాలాసేపు కిటికీలోంచి చూసి అన్నాడు: “అన్నయ్యా, ఇది అడవి కాదు, తోట. మన వైపు పేపరు మిల్లుల కోసం వేసే నీలగిరి లేదూ, అదే ఇక్కడ వేరే చెట్టుతో వేశారు.”

అతను పాములేరు ఒడ్డున గాలం వేస్తూ పెరిగినవాడు. అతని మాటతో నాకు ఈ దేశం ఒక్కసారిగా అర్థమైంది. ఇక్కడా చెట్టును పెంచేది ఎక్కువగా గుజ్జు కోసం, పలకల కోసమే. ఒక వయసు రాగానే మొత్తం నరుకుతారు, నేల కలియబెడతారు, మళ్లీ నాటుతారు. ఫిన్లాండ్ చిత్తడి నేలల్లో సగానికి పైగా చెట్ల కోసమే కాలువలు తవ్వి ఎండగట్టారు. ఆ కాలువల బురద చివరికి చేరేది ఏరుల్లోకే. మేం వెతుకుతున్న ట్రౌట్ చేపకు చల్లటి, తేటైన నీళ్లు, గులకరాళ్ల అడుగు కావాలి. అందుకే మాకు చేపకంటే ముందు అడవి దొరకాలి.

ఎలా దొరికిందో కూడా చెబుతాను. ఇక్కడి భూసర్వే శాఖ మ్యాపులూ ఆకాశం నుంచి తీసిన ఫొటోలూ అందరికీ ఉచితం. వాటి మీద తిన్నని గీతలు కనిపిస్తే అక్కడ కాలువలున్నాయని అర్థం. అంచులు కోసినట్టున్న లేతరంగు ముక్కలు కనిపిస్తే అవి నరికిన చోట్లు. ఈ రెండూ లేని మరకల కోసం రాత్రిళ్లు కూర్చుని వెతికాం. చివరికి వేలు ఆగింది స్యోతే కొండల దగ్గర. 2000లో జాతీయ ఉద్యానం చేశారు. ఫిన్లాండులో మంచు బాగా ఎక్కువ పడే చోట్లలో అదొకటి. ఆ బరువుకి స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కొసలు విరిగిపోతాయి, మాను వంకర తిరుగుతుంది. కలపగా పెద్దగా పనికిరాకపోవడం ఆ చెట్లకు మేలే చేసిందని నా నమ్మకం. కొద్ది దూరంలో పోసియో వైపు మాత్రం 1950లలో వేల హెక్టార్లు ఏకంగా నరికేశారు. ఆ జాగాలను ఒసారా బయళ్లని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పుదాస్యార్వి ఊళ్లో వానపాములు కొన్నాం. మట్టితో కలిపి చిన్న ప్లాస్టిక్ డబ్బా, ఐదు యూరోల పైన! అద్దె కారు ధర చెప్పుకుంటే ఇంకా కడుపు మండుతుంది. బస్సు లేదా అంటారేమో, ఊరి దాకా ఉంది. అక్కడి నుంచి అడవి దాకా మన సౌకర్యానికి తగినట్టు దొరకదు.

కొండ ఎక్కుతుంటే తోడల్లుడు మాట్లాడటం మానేశాడు. స్ప్రూస్ చెట్లన్నీ సన్నగా, కొమ్మలు కిందికి వాల్చుకుని ఉన్నాయి. కొమ్మకొమ్మకీ నల్లటి, బూడిదరంగు గడ్డాల్లా లైకెన్ అనే నాచులాంటిది వేలాడుతోంది. గాలి శుభ్రంగా లేకపోతే అది బతకదు. తాతల వయసు మాను పక్కనే మోకాలెత్తు పిల్ల మొక్క. నిలబడే ఎండిపోయిన చెట్లు, పడిపోయి నాచు కప్పుకున్న దుంగలు, ఆ దుంగ మీదే మొలిచిన కొత్త స్ప్రూస్. ఒక్క వరస కూడా లేదు. “ఆఁ, ఇది అడవి,” అన్నాడు.

ఏటి పక్కన మూడు గోడల దుంగల పాకలో ఒక ముసలాయన కాఫీ కాస్తున్నాడు. ఇక్కడివాళ్లు అడగకుండా మాట్లాడరు, కానీ మా గాలాలు చూసి ఆయనే పలకరించాడు. వాళ్ల నాన్న ఈయోకి నదిలో దుంగలు తేల్చే పని చేసేవాడట. దుంగలు అడ్డుపడకుండా ఏళ్లలోని బండలన్నీ తీసి ఒడ్డున పడేశారు. నీళ్లు కాలువలా సూటిగా పారాయి, చేపకు దాక్కునే చోటు పోయింది. తర్వాత లారీలు వచ్చాయి, తేల్చడం ఆగింది. “నాన్న తీసిన రాళ్లను నా కళ్ల ముందే యంత్రాలతో మళ్లీ నీళ్లలో వేశారు,” అన్నాడాయన. చెబుతున్నప్పుడు గొంతులో సంతోషం స్పష్టంగా తెలిసింది. నది దిగువన మాత్రం 1961 నుంచి 1971 దాకా కట్టిన ఐదు జలవిద్యుత్ కేంద్రాలు అలాగే ఉన్నాయి. సముద్రం నుంచి పైకి వచ్చే సాల్మన్ చేపకు అవి అడ్డం. ఆ సంగతి రాగానే ఆయన మాట మార్చేశాడు.

ఆయన్ని అడిగితే గాలం సంగతులూ వివరంగా చెప్పాడు. కర్ర, దారం, బెండు, వానపాముతో చెరువుల్లో ఎవరైనా ఉచితంగా పట్టుకోవచ్చు. రీలు వాడితే 18 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లు ప్రభుత్వ రుసుము కట్టాలి. ట్రౌట్, సాల్మన్ తిరిగే ఏరుల్లో వడి నీళ్ల దగ్గరైతే బెండు గాలానికి కూడా విడిగా పర్మిట్ కావాలి. మా దగ్గర ఉంది. ట్రౌట్ పడితే ముందు తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్క చూడమన్నాడు. రెక్క కత్తిరించి ఉంటే పెంచి వదిలిన చేప. రెక్క చెక్కుచెదరకుండా ఉంటే ఏటిలోనే పుట్టింది, చాలా నీళ్లలో దాన్ని వదిలేయాలి.

మాకు పడిన ట్రౌట్‌కు ఆ రెక్క ఉంది. ఎర్ర చుక్కలు, పసుపు పొట్ట. తోడల్లుడు చెయ్యి తడుపుకుని పట్టుకుని, నీళ్లలోనే గాలం తీసి వదిలాడు. అంత దూరం నుంచి వచ్చి పట్టినదాన్ని వదలడం అతనికి కొత్త, అయినా ఒక్క మాట అనలేదు. తర్వాత చెరువులో పెర్చ్ చేపలు వరసగా పడ్డాయి. ముళ్ల వీపు చీరి, ఉప్పూ కారం పసుపూ రాసి నిప్పుల మీద కాల్చాం. ముసలాయనకూ పెట్టాం. కళ్లు తుడుచుకుంటూనే రెండోది అడిగాడు. ఒక సైబీరియన్ జే దగ్గరి కొమ్మ మీదికి దిగి వంతు కోసం కాచుకుంది. ముసలి స్ప్రూస్ అడవిని నమ్ముకుని బతికే పిట్ట అది, మనిషికి భయపడదు.

మిగతా రోజులు వానలో పోయాయి, చెప్పుకోవడానికేం లేదు. మళ్లీ వెళ్తాం. తోడల్లుడు జూన్ అంటున్నాడు గానీ అప్పటి దోమలు అతనికి తెలియవు. సెప్టెంబరు 1 నుంచి ఏరుల్లో ట్రౌట్ పట్టకూడదు కాబట్టి ఆగస్టు ఆఖరి వారానికి ఔలు రైలు టికెట్లు చూస్తున్నాను.